ఎడమ కన్ను, ఎర్ర కారం

కోదాడ

ప్రియమైన అత్తమ్మకు,

కృప వందనాలు. మీరు ఫోను ఎత్తడం లేదు. ఎందుకెత్తుతారు? మీరు ఎండలో డాబా మీద మిరపకాయలు ఎండబోసి, తొడిమలు తీసి, గిర్నీలో దగ్గరుండి పట్టించిన కారాన్ని "వెలిసిపోయిన పాత సరుకు" అని డబ్బాతో సహా వాపసు పంపిన కోడలిని నేను.

కారంలో ఏ లోపమూ లేదత్తమ్మా. మూత తీయగానే ఘాటుకు కుడి కన్ను భగ్గుమంది. అది మూసుకుని ఎడమ కంటితో చూశాను. అచ్చం శనగపిండిలా కనిపించింది. తర్వాత బడిలో పేపర్లు దిద్దుతూ, తలనొప్పికి కుడి కన్ను మీద చెయ్యి పెట్టుకుంటే నేను ఎర్ర సిరాతో వేసిన టిక్కులే మాసిపోయి ఉన్నాయి. చెయ్యి తీస్తే మళ్లీ ఎర్రగా ఉన్నాయి.

ఇక్కడి కంటి డాక్టరు కన్ను బాగానే ఉంది, లోపం వెనక నరంలో ఉండొచ్చని సూర్యాపేటకు స్కానుకు పంపాడు. అక్కడ అహల్య అనే డాక్టరమ్మ మామూలు ఎమ్మారైతో పాటు డిఫ్యూజన్ అనే స్కాను కూడా తీయించింది. కంటి నుంచి మెదడుకు పోయే నరంలో సన్నని పోగులుంటాయట. వాటి వెంట నీటి కదలిక ఎలా మారిందో ఈ స్కానులో తెలుస్తుందట. "వాపుందమ్మా. పోగులు పెద్దగ దెబ్బతిన్నట్టు లేవు. జల్ది వచ్చిండ్రు, మంచిదైంది. సూపు ఎంత మళ్లొస్తదో ఇప్పుడే చెప్పలేం" అంది. ఎల్లుండి నుంచి సెలైన్‌లో మందు ఎక్కిస్తారు.

నా కంట్లో నలుసు పడిందని మీ అబ్బాయి జీవన్‌కు చెప్పాను. పెళ్లయి ఏడాది కాలేదు. కన్ను సరిగా లేని పిల్లను అంటగట్టారని మా అమ్మను అంటారేమోనని భయం. చూపు రాకపోతే నడిగూడెంలో అమ్మ దగ్గరికి వెళ్లిపోదామనుకున్నాను. ఆ భయం మీ గురించే కాబట్టి ముందు మీకే చెబుతున్నాను.

మీ కోడలు,
కృప

మిర్యాలగూడ

కృపా, బిడ్డా,

నేను చెప్తున్న, మీ మామ రాస్తుండు. కోపమొచ్చింది, అబద్ధమెందుకు? గిర్ని ఐలన్నతోని సుత లొల్లి పెట్టుకున్న, నా కాయలు మార్చినవని. పాపం, ఇప్పటికీ మాట్లాడ్తలేడు.

నడిగూడెం పోతవా? పో. నేను గూడ వస్త, మీ అమ్మ ఇద్దరికీ అన్నం పెడ్తది. జీవన్‌కు నేనే చెప్పిన. ఫోన్ల ఏడ్సిండు. మందెక్కించేటప్పుడు పక్కనే కూసుంటడు, ఇగ నువ్వు వద్దనకు.

డబ్బా మళ్ల పంపుతున్న. మందైనంక ఎడమ కంటితోని సూసి రంగు చెప్పు. అప్పుడే మామిడికాయ తొక్కు పెడ్త. కనపడకుంటే కుడి కంటితోని సూసి చెప్పు, గదే సాలు.

మీ అత్త,
జానమ్మ

కోదాడ

అత్తమ్మా,

మందు ఎక్కించడం అయిపోయింది. మీ అబ్బాయి డబ్బాను కిటికీ దగ్గర పెట్టి, నా కుడి కన్ను తన చేత్తో మూశాడు. శనగపిండి కాదత్తమ్మా! అలాగని మొత్తం ఎరుపూ కాదు, ఇటుక రంగు. చూపు ఇంకా మెల్లగా రావచ్చు, ఇంతటితో ఆగిపోనూవచ్చు అంది డాక్టరమ్మ. "అమ్మకు ఎర్రగుందని రాసేయరాదూ" అన్నాడు జీవన్. రాయను. మీ దగ్గర ఇక ఏదీ దాచను.

ఇటుక రంగుతోనే తొక్కు పెట్టేద్దాం, కాయలు ఆగవు కదా. ఆదివారం ప్రార్థన అయ్యాక వస్తున్నాం. ఐలన్నను కూడా భోజనానికి పిలవండి. కొత్త తొక్కుతో మొదటి ముద్ద ఆయనకు నేనే కలిపి పెడతాను.

మీ బిడ్డ,
కృప