ముందు అడగాల్సిన మాట

శుక్రవారం రాత్రి, లండన్

రేపే ఇక్కడ డాక్టరుగా పనిచేయడానికి లైసెన్సు ప్రాక్టికల్. ఇల్లంతా స్టూడెంట్లే, ఖాళీ గది లేదు, అందుకే వంటింట్లోనే ప్రాక్టీసు చేశాను. రూమ్మేట్ లావణ్య పేషెంటుగా నటించింది. మా చర్చికి వచ్చే డాక్టర్ ప్రసాదరావు అంకుల్ ఎగ్జామినర్‌గా కూర్చున్నారు. లావణ్య కడుపునొప్పి అనగానే పొట్ట నొక్కి, అపెండిసైటిస్ అన్నాను.

"ఫెయిల్," అన్నారు అంకుల్. "ముట్టుకోవచ్చా అని అడిగావామ్మా?"

ఒళ్లు మండింది. నేను పనిచేసిన కాకినాడ ఓపీలో అందర్నీ అడుగుతూ కూర్చుంటే లైను కదిలేదా?

"మా రోజుల్లో పరీక్షకి నిజమైన పేషెంటునే పడుకోబెట్టేవారు," అన్నారు అంకుల్. " చెప్పకుండా నా చల్లటి చేతులు వేశా, ఆవిడ కెవ్వుమంది. రోగం పేరు కరెక్టే చెప్పా. అయినా ఫెయిల్ చేశారు."

అంకుల్ వెళ్లాక లావణ్య మెట్ల మీద జారిపడింది. పరుగెత్తి చీలమండ పట్టుకున్నాను. పట్టుకున్నాక గుర్తొచ్చింది, అడగలేదని.

రేపు ఈ చేతుల్ని ఎలా ఆపుకోవాలి?