మార్చి ఇరవై మూడు కార్డు

మార్చి 14

నా ప్రాణంలాంటి అక్కకు,

ఫోన్‌లో చెబుదామని మూడుసార్లు రిసీవరు ఎత్తాను. మూడుసార్లూ పెట్టేశాను. అందుకే రాస్తున్నాను. చదివేటప్పుడు బావను పక్కన ఉండనివ్వకు.

నిన్న బావ ఫోన్ చేశారు. నీ గొంతులో గడ్డ ఊపిరి గొట్టం వైపు పెరుగుతోందట. రెండు నెలలకోసారి వచ్చే పెద్ద డాక్టరు మార్చి ఇరవై మూడున ఆపరేషన్ చేస్తానంటే నువ్వు వద్దన్నావట. మళ్లీ ఆయన వచ్చేదాకా ఆగితే గాలే ఆడదన్నారట. "అది గొంతులు మింగే తేదీ అంటుందమ్మా మీ అక్క. ఎవరు చెప్పారే అంటే, మీ మరదలే రాసిపెట్టింది రేడియోలో, అంది" అన్నారు బావ. నవ్వుతూనే అన్నారు.

మా రేడియో స్టేషన్ లైబ్రరీలో ఏడాదిలో ప్రతి తేదీకీ ఒక కార్డు ఉంటుందని నీకు తెలుసు. పొద్దున ఏడింటికి అనౌన్సరు గారు ఆ రోజు కార్డు తీసి, ఏయే సంవత్సరాల్లో అదే తేదీన సంగీతంలో ఏం జరిగిందో చదువుతారు. ఫలానా పాట రికార్డయింది, ఫలానా వయొలిన్ విద్వాంసుడు పుట్టాడు, అలాగ. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ కార్డులన్నీ రాసే పని నాకే అప్పగించారు. ఒక్కో కార్డు మీద కనీసం మూడు సంగతులు ఉండాలి, ఏ తేదీ బోసిగా కనిపించకూడదు, అదీ నియమం. మార్చి ఇరవై మూడుకు దొరికింది ఒక్కటే, ఒక జోలపాట రికార్డు విడుదల. పుస్తకాలన్నీ తిరగేశాను. చనిపోయిన ఏడాది తెలిసి రోజు తెలియని గాయకులు ఇద్దరు నా దగ్గర మిగిలారు. తెల్లారితే కార్డులు అప్పజెప్పాలి. ఇద్దర్నీ ఆ తేదీ కింద రాసేశాను.

ఆ ఇద్దరిలో ఒకరు నీకు పాట నేర్పిన మాస్టారు.

నీకు ఒక్క ముక్క రాసి అడిగితే చెప్పేదానివి. కానీ అప్పటికి మనం మాట్లాడుకోక రెండేళ్లు. నాన్న నిన్ను మాస్టారి దగ్గర పాటకు చేర్చి, నన్ను హైస్కూలుతో మాన్పించి, నేనూ పాడతానంటే ఇంటికి ఒక గొంతు చాలు అన్నారు. ఆ మాట అన్నది ఆయన, నేను పంతం పట్టింది నీమీద. దేవుడి ముందు ఎన్నిసార్లు కూర్చున్నా ఈ సంగతి మాత్రం పైకి అనలేదు.

మా అనౌన్సరు గారిని వెనకాల ఉపోద్ఘాతం అంటాం, మంచినీళ్లు అడగడానికి కూడా ముందు నాలుగు మాటలు చెబుతారు కనుక. ఇద్దరు గాయకులు ఒకే తేదీన పోయారనేసరికి ఆయన నోటికి మేత దొరికింది. గొంతులు మింగే తేదీ అని పేరు పెట్టింది ఆయనే. నేను నవ్వి ఊరుకున్నాను. నాలుగేళ్ల తర్వాత, సరిగ్గా మార్చి ఇరవై మూడున, మా స్టేషన్లో పాడే ఆవిడకు రికార్డింగు మధ్యలో గొంతు పూడుకుపోయింది. సాయంత్రానికల్లా ఆవిడే పోయింది. ఆ మూడో పేరు నేను కల్పించింది కాదక్కా. స్టూడియో అద్దానికి ఇవతల నిలబడి చూశాను. నోరు తెరిచే ఉంది, చప్పుడు లేదు. నేను రాసిన అబద్ధం దారి చూపిస్తే చావు నడిచి వచ్చిందేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఈ పూట ఆఫీసరు గారి దగ్గర ఒప్పుకున్నాను. ఆయన కోప్పడలేదు. తలుపు వేసి, మెల్లగా, "అదొక్కటే అబద్ధమంటే ఎవరు నమ్ముతారమ్మా? మిగతా మూడొందల అరవై ఐదూ ఏం చేద్దాం?" అన్నారు. కార్డు తీసుకుని తన సొరుగులో పెట్టి తాళం వేశారు. ఈసారీ చదివిస్తారట. చదివినా నువ్వు వినకు. ఆ మూడో చావును దేవుడికే వదిలేశాను. కానీ ఆ తేదీకి అంత పేరు తెచ్చింది నా చెయ్యే. వెళ్లి ఆపరేషన్ చేయించుకో. నన్ను తర్వాత ఎంతసేపైనా తిట్టుకుందువుగాని.

నీ చెల్లి


మార్చి 20

చెల్లీ,

బావ బజారుకు వెళ్లినప్పుడు నీ ఉత్తరం చదివాను. నీ నిజం నాకు పాతదే. మాస్టారు పోయింది ఆగస్టులో. వాన జల్లు కొడుతోందని నేను కిటికీ మూసి వచ్చేసరికి ప్రాణం లేదు. గదిలో ఉన్నది నేనొక్కదాన్నే. ఏటా రేడియోలో మార్చి అన్నప్పుడల్లా, పిచ్చిపిల్ల, అడగకుండా రాసేసింది అనుకునేదాన్ని. బయటపెడితే నీ ఉద్యోగం పోతుంది. నీ వంతు పాట కూడా నేనే తినేశాను, ఆ కార్డులైనా నీకు మిగలనీ అని ఊరుకున్నాను.

తేదీ అంటే నాకు భయమెందుకు? డాక్టరు నాకొక్కదానికే ఒక మాట చెప్పాడు. గడ్డ స్వరతంత్రులను అల్లుకుపోయిందట. తీస్తే మాట కూడా మిగలదు, తియ్యకపోతే మనిషే మిగలదు. బావకు చెప్పలేకపోయాను. ఆయనకు నా పాట కంటే నా సాధింపులంటే ఇష్టం. నీ తేదీ చేతికందింది, అడ్డం పెట్టుకున్నాను. ఎవరైనా చాదస్తమని నవ్వుతారు గానీ లోతుగా అడగరనుకున్నాను. ఇప్పుడు ఆ అడ్డం నువ్వే లాగేశావు.

రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నాను. కాగితాల మీద సంతకం నేనే చేశాను. నా దగ్గర పాట నేర్చుకునే పిల్లలకు పాఠం మానలేదు. ఈ పొద్దున పైస్థాయికి వెళ్లేసరికి స్వరం రెండుగా చీలింది. పిల్లలు తలలు వంచుకున్నారు. నేనే పుస్తకం మూసి పంపేశాను.

ఇరవై మూడున పదకొండింటికి నన్ను లోపలికి తీసుకెళ్తారు. బావ బయట బెంచీ మీద ఉంటారు. బయటికి తెచ్చాక కళ్లు తెరిచి, చొక్కా బొత్తాం సరిగ్గా పెట్టుకోలేదనో, ఇంటికి తాళం వేశారా అనో ఏదో ఒకటి అంటానని ఎదురుచూస్తారు. నేను అనను. నువ్వు పదిన్నరకల్లా వచ్చి ఆయన పక్కన కూర్చో. నేను లోపలికి వెళ్లి తలుపు పడ్డాక డాక్టరు మాట చెప్పు. నాకు చెప్పగలిగావు, ఆయనకూ చెప్పగలవు.

అక్క