వడ్లగింజెత్తు తరుగు

4 ఫిబ్రవరి 1979

మాత్ర మానేశాను. దివిసీమ తుఫానులో చెల్లెలు పోయినప్పుడు నిద్రకని మొదలుపెట్టిన డయజెపామ్. పద్నాలుగు నెలలైంది. బజార్లో ఎవరో నన్ను మాత్రల ఆదిశేషయ్య అన్నారట. మూడు తరాల కంసాలి ఇల్లు మాది. గోరంత బిళ్ల నన్ను ఆడించడమేంటి? పొట్లం దిబ్బలో పారేశాను.

9 ఫిబ్రవరి

చేతులు వణుకుతున్నాయి.

12 ఫిబ్రవరి, ఉదయం పది

నాలుగు రోజులుగా కునుకు లేదు. గిన్నె చప్పుడైనా ఉలిక్కిపడుతున్నాను. షరీఫాబీ నిక్కాకు ఏడురాళ్ల ముక్కుపుడక ఒప్పుకున్నాను. రాయి పట్టకారులోంచి నాలుగుసార్లు జారింది. ఏడ్చాను. ఆ పిల్ల నాన్న, బస్సు కండక్టర్ హనీఫ్‌తో బెజవాడలో చేయించుకోమన్నాను. వాళ్లావిడ పుడక చేసిన చెయ్యే కావాలన్నాడు. నా భార్య నాగేంద్రమ్మ నన్ను డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోతానంటోంది.

సాయంత్రం

డాక్టరమ్మ చీవాట్లు పెట్టింది. ఉన్నపళంగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చట. మెదడులో ఈ మాత్ర కూర్చునే చోటు ఒకటుందని ఈమధ్యే కనిపెట్టారట. నరాల గోలను అణిచే పదార్థం మెదడులోనే ఉంటుంది. మాత్ర దాని పనికి బలమిస్తుంది, అంతే. నాకు ఠక్కున అర్థమైంది. వెలిగారం! నగ అతికేటప్పుడు చల్లే ఆ పొడి తానుగా అతకదు, టంకాన్ని పారిస్తుంది. ఆవిడకి వెలిగారం తెలీదు, నేనే చెప్పాల్సివచ్చింది. రోజూ సాయం అందేసరికి మెదడు తన సొంత పదార్థానికి మొద్దుబారుతుందట. సాయం లాగేస్తే గోలంతా ఒక్కసారి లేస్తుంది. అంటే నా పిరికితనం కాదు. మళ్లీ వేసుకుని కొంచెం కొంచెం తగ్గించమంది, బ్లేడుతో ముక్కలు చేసుకుని.

బ్లేడా! నాకా!

20 ఫిబ్రవరి

చెయ్యి కుదుటపడింది. మాత్ర ఆరు వడ్లగింజలెత్తు తూగింది. సన్న ఆకురాయితో ఒక గింజెత్తు అరగదీశాను. డాక్టరమ్మకి చూపిస్తే పక్షానికి అంతే తగ్గించమంది. కంసాలి కన్నతల్లి బంగారంలోనూ తరుగు తీస్తాడంటారు. ఈసారి నాలోంచే తీస్తున్నాను.

22 ఏప్రిల్

ముక్కుపుడక ఇచ్చాను. హనీఫ్ భూతద్దం అడిగి మరీ చూశాడు. చూసుకోనీ.

30 మే

ఆఖరి గింజ మహా మొండిది. డాక్టరమ్మ తొందరొద్దంది. పైగా రెడ్డిగూడెం పుల్లమ్మని నా దగ్గరికి పంపింది, ఆమె మాత్రలు కూడా తూచి పెట్టమని. బెంచీ మీద కూర్చోబెట్టి వెలిగారం సంగతి మొదట్నుంచీ చెప్పాను. నాగేంద్రమ్మ నవ్వుతోంది. నవ్వనీ.

2 జులై

ఇవాళ మాత్ర లేదు. అలవాటుకొద్దీ త్రాసు చేత్తో ఎత్తి పట్టుకున్నాను. రెండు పళ్లేలూ ఖాళీ. ముల్లు కదల్లేదు.