చెక్క వాసన నాది

జనవరి 8

కొనేశాను. జుట్టుకు కొట్టుకునే పెర్ఫ్యూమ్. పూల వాసన కాదు, చెక్క వాసన. అప్పుడే కోసిన దేవదారు దుంగ పక్కన నిలబడినట్టుంది.

ఫర్నిచర్ షోరూమ్‌లో సేల్స్ ఉద్యోగం నాది. పొద్దస్తమానం బోర్డు బీరువాల మధ్య తిరిగి జుట్టంతా జిగురు కంపు. తలంటుకున్నా వదలదు. బస్సులో పక్కన కూర్చున్నావిడ ముక్కు మూసుకుని కిటికీ వైపు తిరిగితే ఎలా ఉంటుందో నాకే తెలుసు. నెత్తికి కూడా సెంటేంటే మహారాణీ అని అక్క వెక్కిరించింది. నా నెత్తి, నా ఇష్టం.

జనవరి 11

ఇవాళ ఒక పెద్దావిడ బీరువా చూడటానికి వచ్చింది. నేను వంగి కింది అర తెరిచి చూపిస్తుంటే గట్టిగా ఊపిరి పీల్చి, ఆహా, అసలు సిసలు కర్ర అని మురిసిపోయింది. ఆవిడ పీల్చింది నా జడని! ఆ బీరువా రంపపు పొట్టులో జిగురు కలిపి నొక్కిన బోర్డు. పైన అంటించింది చెక్క గీతలున్న కాగితం. కాదండీ అని నేను నోరు తెరిచేలోపే ఓనర్ మధ్యలో దూరి బిల్లు కొట్టేశాడు.

జనవరి 12

ఆ వాసన నా జుట్టుదని ఓనర్ కనిపెట్టేశాడు. రేపటి నుంచి నేను జుట్టు విరబోసుకుని బీరువాల దగ్గరే నిలబడాలట.

బిగుతుగా ముడి వేసుకుని, పైన స్కార్ఫ్ కట్టుకుని వెళ్తాను. చూస్తాను ఏం చేస్తాడో.

జనవరి 15, మధ్యాహ్నం

స్కార్ఫ్ చూసి చూసి ఓనర్ మొహం మాడిపోయింది. అయితే ఆ సెంటు పేరు చెప్పు, నేనే కొని బీరువాల్లో కొట్టిస్తాను అన్నాడు. చెప్పనన్నాను. ఉద్యోగం కావాలా, సెంటు కావాలా అన్నాడు. రెండూ కావాలన్నాను.

జనవరి 16

ఉద్యోగాలేమైనా చెట్లకు కాస్తున్నాయా, ఆ పేరేదో చెప్పి పడెయ్యి అంది అక్క. నాకూ భయంగానే ఉంది. చెప్పను.

జనవరి 22

పెద్దావిడ తిరిగొచ్చింది. తడి తగిలి బీరువా అడుగు అట్టలా ఉబ్బిందట. ఆవిడ బాధ అది కాదు. ఇంటికి చేరిన రోజే అందులో కర్ర వాసన లేదట. నీ ముక్కు పాడైంది, వయసైపోయింది అని పిల్లలు నవ్వుతున్నారట. ఓనర్ ఎంత ప్రేమగా ఒప్పుకున్నాడో! అవునమ్మా, ఈ వయసులో మామూలే అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. స్కార్ఫ్ లాగేసి, ముడి విప్పి, జుట్టు ఆవిడ చేతిలో పెట్టాను. మీ ముక్కుకేం కాలేదమ్మా, ఆ రోజు మీరు పీల్చింది దీన్ని అన్నాను. ఆవిడ కళ్లు మూసుకుని పీల్చింది. పకపకా నవ్వింది. తర్వాత ఓనర్ వైపు తిరిగింది. ఆ తిట్లు ఇక్కడ రాయలేను. కొన్ని నేనూ మొదటిసారి విన్నాను. గతిలేక బీరువా వెనక్కి తీసుకుంటానన్నాడు. నన్ను మాత్రం రేపటి నుంచి రావద్దన్నాడు.

జనవరి 23, ఉదయం 10

వచ్చాను. జుట్టు విరబోసుకుని షోరూమ్ ఎదుట ఫుట్‌పాత్ బెంచీ మీద కూర్చున్నాను. బెంచీ అందరిదీ. లోపలికి వెళ్లబోయేవాళ్లు ఆగి, ఇంత మంచి కర్ర వాసన ఎక్కణ్నుంచి వస్తోందని అడుగుతున్నారు.

నా జుట్టు నుంచి అంటున్నాను. లోపలున్నది జిగురు.