రాకు అన్నావు కదా వదినా

వదినా, వందనాలు.

నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్లి ఈ ఆదివారానికి పదకొండు నెలలు. ఇక్కడ అనకాపల్లిలో మేం బాగానే ఉన్నాం. మీ తమ్ముడు టీ తాగిన ప్రతిసారీ అక్క పెట్టినట్టు లేదంటాడు. ఇదివరకైతే నన్నే దెప్పుతున్నాడని మూతి ముడుచుకునేదాన్ని. ఇప్పుడు నిన్ను తలుచుకుంటున్నాడని తెలుసు... ఇంకో గ్లాసు పోస్తాను.

నా సంగతి నీకు తెలియనిదా? ఎవరేమన్నా నన్నే అన్నారనుకునే రకాన్ని. మా ఇంట్లో స్త్రీల కూడిక పెట్టుకున్న రోజు గుర్తుందా? ఒకరి తర్వాత ఒకరు ప్రార్థిస్తుంటే నీ వంతు వచ్చింది. ఈ గదిలో పంతం వదలని మనసొకటుంది, దాన్ని మెత్తబరచు తండ్రీ అని ఏడుస్తూ ప్రార్థించావు. అందరూ ఆమెన్ అన్నారు. నేను అనలేదు. ఎదురుగా అనే ధైర్యం లేక, దేవుడికి చెబుతున్నట్టు చెప్పి నన్ను నలుగురిలో కడిగేసిందనుకున్నాను. నాలుగు నెలలు నీతో మాటల్లేవు. మందిరంలో నువ్వు కూర్చున్న చాప మీద కూడా కూర్చోలేదు.

చివరికి నువ్వే వచ్చావు, కశింకోట నుంచి ఆటోలో, మిట్టమధ్యాహ్నం. ఏమైందని నువ్వడిగితే ఉన్నదంతా కక్కేశాను. నవ్వాలో ఏడవాలో తెలియని ముఖం పెట్టి, "ఆ గదిలో నేను లేనేటే కరుణా? నా గురించే సేసుకున్నాను ఆ ప్రార్థన" అన్నావు. నీ తోటికోడలితో ఏడాదిగా మాటల్లేవని, ఆ మనసుతో ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకోలేకపోతున్నావని అప్పుడు చెప్పావు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ రోజు నువ్వన్న మాటలు నాకింకా వినబడతాయి. "దేవుడికైతే మనిషి లోపల కనబడతాది. మనకి కనబడదు. అందుకే నోరిచ్చేడు, అడగమని." వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగి ఇంకోటి అన్నావు. "నేనేటంటే అదే నా మాట. దానెనకాల ఇంకోటి ఎతక్కు."

వెతకడం మానేశాను వదినా. అదే నా కొంప ముంచింది.

నువ్వు మంచాన పడ్డాక ఫోన్ చేస్తే, "ఎండలు మండిపోతన్నాయి, నువ్వు రాకు. నేను బాగానే ఉన్నాను" అన్నావు. వదిన మాటంటే మాటే అనుకుని, వేసుకున్న చెప్పులు విప్పేశాను. నాలుగో రోజు పొద్దున్నే కబురొచ్చింది. ఆటో ఎక్కితే పావుగంట... ఆ పావుగంట ఎందుకు రాలేకపోయాను?

నువ్వు పోయాక పెట్టిన ఆదరణ కూడికలో నీ కూతురు ప్రసన్న మైకు పట్టుకుని నీ గురించి సాక్ష్యం చెప్పింది. ఆఖర్న, అమ్మని చూడాలనుకున్నవాళ్లు వచ్చి చూశారు, అక్కర్లేనివాళ్లు రాలేదు అంది. నా వైపు చూడలేదు. కావాలనే చూడలేదనిపించింది. మళ్లీ పాత కరుణనైపోయాను. పది నెలలు దాని గడప తొక్కలేదు. మీ తమ్ముడు వెళ్లొస్తే, పిల్ల తింటోందా అని మాత్రం అడిగేదాన్ని.

పోయిన ఆదివారం మందిరంలో ప్రభువు బల్ల ఇచ్చారు. రొట్టె పళ్లెం నా దగ్గరికి వచ్చేసరికి నువ్వు గుర్తొచ్చావు. తీసుకోలేక పక్కామెకి అందించేశాను. ఆరాధన అవగానే అట్నుంచటే కశింకోట వెళ్లాను. ప్రసన్న అచ్యుతాపురం కంపెనీ యూనిఫాం ఉతికి ఆరేస్తోంది. వాకిట్లో నిలబడే అడిగాను, ఆ మాట నన్నేనా అని.

కాదంటుందనుకున్నాను. కాదంటే బాగుణ్ణని కూడా అనుకున్నాను. అవునత్తా, నిన్నే అంది. అమ్మ ఆఖరి రెండ్రోజులూ గుమ్మం వైపే సూసింది, నువ్వు రాలేదు అంది.

నువ్వు నన్ను రావద్దన్న సంగతి దానికి తెలియదు వదినా. నువ్వు గుమ్మం వైపు చూసిన సంగతి నాకు తెలియదు. చెప్పాను. తడిబట్ట చేతిలోనే పెట్టుకుని నా మెడ పట్టుకు ఏడ్చింది. నీలాగే, చప్పుడు లేకుండా ఏడుస్తుంది.

ఇప్పుడు నిన్నడగాలి. నిజంగా రావద్దనే అన్నావా? నన్ను ఎండలో తిప్పడం ఇష్టం లేకనా? నేను చూస్తే తట్టుకోలేననా? గుమ్మం వైపు చూసింది నా కోసమేనా... అడగమన్నావు, సరే. నువ్వే లేకపోతే ఎవర్ని అడగను?

దేవుడికి తెలుసు. ఆయన సన్నిధిలో కలిసినప్పుడు ముందు అదే అడుగుతాను. అంతవరకూ నా మీద ప్రేమకొద్దీ అన్నావనే నమ్ముతాను. నీ గురించి ఇంకోలా అనుకోవడం నాకు చేతకాదు. కానీ చాలా బెంగగా ఉంది వదినా. ఒక్కసారి నీ ముఖం చూడాలనుంది.

ప్రసన్నకి నిన్నట్నుంచి జ్వరం. డ్యూటీకి వెళ్లలేదట. ఇందాక ఫోన్ చేస్తే, తగ్గిపోయిందత్తా, నువ్వు రాకు అంది.

మిరియాల చారు కాచాను. ఆటో ఎక్కడానికి బయల్దేరుతున్నాను.

నీ మరదలు,
కరుణ