నిద్ర నటించే మీటరు

చాండ్లర్ (అమెరికా) నుంచి

అక్కయ్య పాదాలకు నమస్కారం. నీ మోకాళ్ళూ, బావగారి బీపీ చెప్పిన మాట వింటున్నాయని తలుస్తాను. నేను క్షేమం. కిందటి ఉత్తరంలో ఊరికే అలా రాశాను గానీ ఈసారి నిజంగానే క్షేమం. ఇక్కడి ఎండ ముందు మన రెంటచింతల ఎండ వెన్నెల.

నాకు ఉద్యోగం దొరికిందని చెప్పానా? జీతం లేదు, తాళంచెవులున్నాయి. బడికి సెలవులివ్వగానే మనవాళ్ళంతా ఇండియా వెళ్ళిపోతారు. వాళ్ళ కరివేపాకు మొక్కలకు నీళ్ళు పోయడం నా పని. పది ఇళ్ళు, పది తాళంచెవులు. మెడలో గంట కట్టిన ఆవులా మోగుతూ తిరుగుతున్నాను.

అసలు సంగతి వాణిది. నీ మేనకోడలు కొత్తగా చేరిన చోట కరెంటు దొంగల్ని మెషిన్ లెర్నింగ్‌తో పట్టే పని. వేల మీటర్ల వాడకం కంప్యూటరుకు చూపించి, దొంగ వాడకం ఎలా ఉంటుందో దానికి నేర్పుతారట. ముప్ఫై ఏళ్ళు లైన్‌మన్‌గా స్తంభాలెక్కి దొంగ కరెంటు కొక్కేలు పీకిన నాకు అది వింటేనే కడుపు నిండింది. మీ అమ్మాయి పెళ్ళి పందిరికి బావగారు వేయించిన కొక్కెం పీకిందీ నేనే కదా! ముహూర్తానికి దీపాలారిపోయాయి, నువ్వు ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు. సరే, ఆ కథ ఇప్పుడెందుకు.

మొన్న శుక్రవారం వాణి మా పేట మ్యాపు తెచ్చి బల్ల మీద పరిచింది. దాని మీద పదకొండు ఎర్ర చుక్కలు. పేర్లు చెప్పదు, రూలు ఒప్పుకోదట.

"నాన్నా, మోడల్ ఫ్లాగ్ చేసిన ఫస్ట్ లిస్ట్! ఇన్‌స్పెక్టర్లు మండే వెళ్తారు. కరెక్టయితే నా జాబ్ పర్మనెంట్. అందరికీ ఏసీలతో యూసేజ్ పెరుగుతుంటే వీళ్ళకే సడన్‌గా పడిపోయింది."

ఆ సందులు నేను రోజూ తిరిగేవే. గుత్తి విప్పి ఒక్కో చుక్క మీద ఒక్కో తాళంచెవి పెట్టాను.

"ఏంటి నాన్నా ఇది?"

"నీ దొంగలమ్మా. ఈయన గుంటూరులో నిద్రపోతున్నాడు. ఈవిడ కరీంనగర్‌లో పేరంటాలకు తిరుగుతోంది."

వాణి తల పట్టుకుంది. "అయ్యో, మొత్తం రాంగా? మండే నా పని అయిపోయినట్టే!"

"మొత్తం ఎందుకే? పదకొండో చుక్కకు నా దగ్గర తాళంచెవి లేదుగా. వీళ్ళ వాడకం గీతలు చూపించు."

పది ఇళ్ళ గీతలూ బల్లపరుపుగా ఉన్నాయి. ఫ్రిజ్ ఒక్కటే తిరుగుతోందన్నమాట. పదకొండోది సన్నగా ఉన్నా, ఎండతో పాటు లేస్తోంది, చల్లబడితే దిగుతోంది. అంటే ఏసీ తిరుగుతోంది, లోపల మనుషులున్నారు. కరెంటులో కొంత మీటరుకు చెప్పకుండా పోతోంది.

"తాళం వేసిన ఇంటి మీటరు నిద్రపోతుందమ్మా. దొంగింటి మీటరు నిద్ర నటిస్తుంది. ఆ తేడా నీ మెషిన్‌కు నేర్పు."

శని, ఆదివారాలు కూర్చుని నేర్పింది. సోమవారం ఇన్‌స్పెక్టర్లు ఒక్క ఇంటికే వెళ్ళారు. మీటరును తప్పించి లాగిన వైరు గోడ వెనక దొరికింది. వాణి ఉద్యోగం ఖాయమైంది! ఫోనులో అది అరిచిన అరుపుకు నా చేతిలో నీళ్ళ పైపు జారి, కరివేపాకుకు పోయాల్సిన నీళ్ళు నా పంచె మీదే పడ్డాయి.

తిరిగొచ్చేవాళ్ళలో గుంటూరాయన మీ ఊరి మీదుగానే వస్తాడు. కాస్త మాగాయ పంపు. వాణిని దీవించు, నన్నూ దీవించు. బావగారికి, పెద్దలందరికీ నమస్కారాలు. ఆనాటి దీపాల సంగతిలో నువ్వు నన్ను పూర్తిగా క్షమించలేదని నాకు తెలుసు. ఇకనైనా క్షమించు అక్కయ్యా. ఆ కొక్కెం పీకిన చెయ్యే ఈవేళ మన పిల్లకు అక్కరకొచ్చింది.

నీ పందిరి చీకటి చేసిన తమ్ముడు,
సుబ్బారాయుడు