గాలివాన లేని అంచనా

అన్నయ్యా,

నిన్న నీ సంవత్సరీకం. భోజనాలయ్యాక మద్రాసు నుంచి ఒక సినిమా మనిషి వచ్చి, నేను రాసిన కథకు ఖర్చు అంచనా వేసిన కాగితం చేతిలో పెట్టాడు. అందులో సగం డబ్బు మనమే పెట్టాలట, రెడ్డిగూడెం మామిడితోట అమ్మి.

నాకు మొదట్నుంచీ అనుమానమే. గట్టు మీద నిలబడి కాపుకు ధర చెప్పేవాళ్ళని నువ్వు నమ్మేవాడివి కాదు. నువ్వయితే ప్రతి చెట్టు కిందా నిలబడి, తల పైకెత్తి చూసి, ఎన్ని కాయలు దిగుతాయో చెప్పేవాడివి. చదవమని ఇతనికిచ్చిన నా కథ నోటుబుక్కు అంచులైనా నలగలేదు.

"కథంతా చదివారాండీ?" అన్నాను.

"రెండుసార్లు చదివానండీ. ఏడుపాగలేదు."

కాగితం మళ్ళీ చూశాను. సెట్టింగులు, పాటలు, హీరోయిన్ చీరలు అన్నీ ఉన్నాయి.

"మరి గాలివాన ఎలా తీస్తారండీ?"

"గాలివానా? అదెక్కడుందండీ?"

ఆఖరి పదిహేను పేజీలూ అదే అన్నయ్యా. కాయలు రాలిపోతున్నాయని నువ్వు తోటలోకి పరిగెత్తిన సాయంత్రం.

నోటుబుక్కు లాక్కుని అతన్ని బస్సెక్కించాను. ఇవాళ పొద్దున్నే వెళ్ళి, నీ మీద కొమ్మ విరిగిపడిన ఆ చెట్టు కింద నిలబడి తల పైకెత్తాను. కాయలు కనబడ్డాయి. ఎన్ని దిగుతాయో చెప్పడం మాత్రం నాకు చేతకాలేదు.

నీ తమ్ముడు